ఆ బేస్‌బాల్ సందేశాన్ని ఇక నాకు పంపకండి

ఈ నెలలో పదకొండోసారి వచ్చింది. మొదట మా బావమరిది పంపాడు. తర్వాత కాలేజీ మిత్రుల గ్రూపులో నలుగురు ఒకరి తర్వాత ఒకరు పెట్టారు. నిన్న గుంటూరు నుంచి మా పిన్ని పంపింది. బేస్‌బాల్ బంతి గుండ్రంగా ఉంటుందో కోలగా ఉంటుందో పిన్నికి తెలియదు, తెలియనక్కరలేదు కూడా. కానీ సందేశం కింద ఒక మాట రాసింది: "నువ్వు అక్కడే ఉన్నావు కదా నాన్నా, ఇదంతా నిజమేనా?" నేను ఉండేది అమెరికాలోని హ్యూస్టన్‌లో. ఆమె అడిగింది కాబట్టి ఇది రాస్తున్నాను. మిగిలినవాళ్ళు అడగలేదు, నమ్మేశారు.

సందేశం పేరు "అమెరికా బేస్‌బాల్ ఆటగాళ్ళను చూసి మన క్రికెటర్లు నేర్చుకోవలసిన ఏడు నిజాలు". ఆ ఏడూ ఇవి. ఒకటి, తమ పోస్టులన్నీ వాళ్ళే స్వయంగా రాసుకుంటారు. రెండు, ఆట మధ్యలో కూడా అభిమానులకు జవాబిస్తారు. మూడు, జపాన్ నుంచి వచ్చిన మేటి ఆటగాడు ఒహ్తానీ తన పెళ్ళి కబురు నేరుగా అభిమానులకే చెప్పాడు. నాలుగు, ఆటగాళ్ళు ఏది పెట్టుకున్నా ఆటను నడిపే లీగ్ అడ్డు చెప్పదు. ఐదు, అక్కడి అభిమానులు సంస్కారవంతులు, ఓడితే మనవాళ్ళలాగా తిట్టరు. ఆరు, పేరు పక్కన నీలి టిక్కు ఉంటే అసలు ఆటగాడే, మీ పిల్లలను నిస్సంకోచంగా మాట్లాడనివ్వండి. ఏడు, కోట్లు సంపాదిస్తారు కాబట్టి వాళ్ళది డబ్బు కోసం చేసే పని కాదు, స్వచ్ఛమైన ప్రేమ. చివర చేతులు జోడించిన బొమ్మలు మూడు.

రెండోదాన్ని ముందు తీసి అవతల పెడతాను. ఆట మొదలయ్యాక ఆటగాళ్ళు ఫోను ముట్టుకోకూడదు, అది లీగ్ నియమం. 2015 జూన్‌లో బోస్టన్ ఆటగాడు పాబ్లో సాండోవల్ ఆట నడుస్తుండగా బాత్రూముకు వెళ్ళి, ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక అమ్మాయి ఫొటోలకు లైకులు కొట్టి దొరికిపోయాడు. మర్నాడు జట్టు అతన్ని ఆడించలేదు. 2022 ఆగస్టులో పిట్స్‌బర్గ్ కుర్రాడు రొడాల్ఫో కాస్ట్రో మూడో బేస్‌లోకి జారుతూ వెళ్తే వెనక జేబులోంచి ఫోను ఎగిరి మట్టిలో పడింది. అంపైర్ దాన్ని వేలుపెట్టి చూపించాడు. ఒక ఆట నిషేధం, పైగా జరిమానా. జేబులో ఉన్న సంగతి మరిచిపోయానన్నాడు పాపం. అభిమానులకు జవాబులిస్తున్నాడని ఎవరూ శాలువా కప్పలేదు.

నాలుగోది, లీగ్ అడ్డు చెప్పదట. ఆట వీడియోల హక్కులు లీగ్‌వి. తాను కొట్టిన హోమ్ రన్ (మన సిక్సర్ లాంటి దెబ్బ) వీడియోను తన ఖాతాలో పెట్టుకోవడానికి ఆటగాడే ఇబ్బంది పడిన రోజులు నిన్న మొన్నటివే. యువత బాస్కెట్‌బాల్ వైపు పోతోందని భయం పట్టుకున్నాకే ఆ వీడియోలను ఆటగాళ్ళ ఫోన్లకు పంపే ఏర్పాటు జరిగింది. అంటే ఇక్కడి కథ సందేశం చెప్పినదానికి తిరగేసి ఉంది. లీగ్ బాధ ఆటగాళ్ళు మరీ ఎక్కువగా మాట్లాడుతున్నారని కాదు, తగినంత మాట్లాడటం లేదని! 2018 జూలైలో లీగ్ కమిషనర్ రాబ్ మాన్‌ఫ్రెడ్, ఆ రోజుల్లో అందరికన్నా గొప్ప ఆటగాడైన మైక్ ట్రౌట్ గురించి, తనను తాను ప్రచారం చేసుకోవడానికి అతను సమయం ఇవ్వాలనే అర్థంలో బహిరంగంగానే మాట్లాడాడు. ట్రౌట్ జట్టు వెంటనే అతన్ని వెనకేసుకొస్తూ ప్రకటన ఇచ్చింది. ఇంతకీ ట్రౌట్ ఆన్‌లైన్‌లో ఇష్టంగా రాసే విషయం ఏమిటో తెలుసా? వాతావరణం. మంచు తుఫాను వస్తోందంటే మన ఊళ్ళో పెద్దాయన మబ్బు చూసి చెప్పినంత ఉత్సాహంగా రాస్తాడు. నాకైతే ఎంతో ముచ్చటగా ఉంటుంది. లీగ్ అమ్ముకోవడానికి మాత్రం అది సరిపోలేదు.

ఇక మొదటిది. పెద్ద ఆటగాళ్ళ ఖాతాల వెనక ఏజెంట్లు, ఫొటోగ్రాఫర్లు, వీడియోలు కత్తిరించేవాళ్ళు ఉంటారు. ఏడాదికి 162 ఆటలు ఆడే మనిషి, విమానంలో నిద్రపోయి విమానంలో లేచే మనిషి, ఫొటో కింద వ్యాఖ్య కోసం గంటసేపు తల గోక్కుంటాడని ఎలా అనుకున్నారు? నిజంగా స్వయంగా రాసుకున్నవాళ్ళూ ఉన్నారు. జోష్ హేడర్ పదిహేడేళ్ళ వయసులో ట్విట్టర్‌లో స్వయంగానే రాశాడు. జాతి ద్వేషంతో నిండిన ఆ రాతలు 2018లో లీగ్ మేటి ఆటగాళ్ళంతా కలిసి ఆడే ఆల్‌స్టార్ ఆటలో అతను బంతి వేస్తున్న రాత్రే బయటపడ్డాయి. అతని పేరున్న జెర్సీలు వేసుకుని చూడటానికి వచ్చిన కుటుంబసభ్యులకు ఆ రాత్రే పేరు లేని జెర్సీలు ఇవ్వవలసి వచ్చింది. కొడుకు పేరు వీపు మీద ఉంటే ప్రమాదమని తల్లిదండ్రులు అనుకోవలసిన పరిస్థితి అది. హేడర్ క్షమాపణ చెప్పాడు, లీగ్ శిక్షణకు పంపింది. ఇప్పుడు మా హ్యూస్టన్‌కే ఆడుతున్నాడు. తర్వాత రెండు వారాల్లోపే మరో ఇద్దరు ఆటగాళ్ళ పాత రాతలు కూడా బయటికొచ్చాయి. ఆ తర్వాత ఏజెంట్లు ఆటగాళ్ళ ఖాతాలను ఎందుకు కడిగి శుభ్రం చేయిస్తారో వేరే చెప్పాలా?

అయితే స్వయంగా రాస్తే అద్భుతంగా ఉండే సందర్భాలు లేవని నేను అనను. 2012 సెప్టెంబరులో బ్రాండన్ మెకార్తీ అనే పిచర్ (బంతి వేసే ఆటగాడు) తలకు బంతి తగిలి పుర్రె చిట్లింది. మెదడుకు శస్త్రచికిత్స చేశారు. కొద్ది రోజుల్లోనే ఆసుపత్రి మంచం మీద నుంచి ట్విట్టర్‌లో జోకులు వేశాడు. అటువంటివి ఏ ఏజెన్సీ రాసిపెట్టగలదు? మరొకటి 2021 డిసెంబరు నాటిది. జీతాల ఒప్పందం కుదరక యజమానులు ఆటకు తాళం వేశారు. లీగ్ తన వెబ్‌సైట్‌లో ఆటగాళ్ళ ఫొటోలు తీసేసి, ముఖం లేని బూడిదరంగు బొమ్మలు పెట్టింది. ఆటగాళ్ళు ఒక్క మాట వాదించకుండా తమ ఖాతాల్లో కూడా అదే ముఖం లేని బొమ్మ పెట్టుకున్నారు. ఒకరిని చూసి ఒకరు, పదుల సంఖ్యలో. యజమానుల పత్రికా ప్రకటనలన్నిటికీ ఆ బొమ్మే జవాబైంది. ఆ తాళం 99 రోజులకు గానీ తెరుచుకోలేదు.

మూడోది నిజం. ఒప్పుకుంటున్నాను. 2024 ఫిబ్రవరి 29న ఒహ్తానీ తన పెళ్ళి కబురు ఇన్‌స్టాగ్రామ్‌లోనే చెప్పాడు, జపనీస్‌లోనూ ఇంగ్లిషులోనూ. పెళ్ళికూతురు ఎవరో మాత్రం చెప్పలేదు. ఆ తర్వాత విలేకరులు చుట్టుముడితే జపాన్ అమ్మాయి అన్నాడంతే. ప్రపంచమంతా ఎదురుచూసే మనిషి తన ఇంటి సంగతి ఎంత చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో తానే కొలిచి పెట్టాడు. సందేశం రాసిన మహానుభావుడు దీన్ని "అభిమానుల కోసం మనసు తెరిచాడు" అన్నాడు. నాకు కనిపించింది తలుపు ఓరగా తీసి, కబురు చెప్పి, మళ్ళీ గడియ వేసుకున్న మనిషి. అందులో తప్పేమీ లేదు, తెలివైన పని.

ఏడోదానికి మూడు వాక్యాలు చాలు. పెద్ద లీగ్‌లో 2025 కనీస జీతమే 7,60,000 డాలర్లు, నిజమే. కానీ కింది లీగుల్లో, 2023లో ఒప్పందం కుదిరేదాకా, ఏడాదికి 11,000 డాలర్లతో ఆడిన కుర్రాళ్ళున్నారు. వాళ్ళు ఆన్‌లైన్‌లో పుట్టినరోజు శుభాకాంక్షల వీడియో అమ్మినా, గ్లవ్ కంపెనీ పేరు పదిసార్లు చెప్పినా అది అద్దె కోసం, దాన్ని ప్రేమ అని పిలవడం ఆ కుర్రాళ్ళను వెక్కిరించడమే.

ఆరోది చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది. ట్విట్టర్‌లో నీలి టిక్కు 2022 నవంబరు నుంచి నెలకు కొన్ని డాలర్లు కడితే ఎవరికైనా వస్తుంది. నేను కడితే నాకూ వస్తుంది, నా పేరు ఒహ్తానీ అని పెట్టుకుంటే కొంతసేపైనా ఎవరో ఒకరు నమ్ముతారు. మా వీధిలో ఒక తెలుగు కుటుంబంలో పన్నెండేళ్ళ బాబుకు అతని అభిమాన ఆటగాడి నుంచి సందేశం వచ్చింది. "నా ప్రత్యేక అభిమానుల జట్టులో నిన్ను చేర్చుకుంటాను" అని. రెండు రోజుల కబుర్ల తర్వాత గిఫ్ట్ కార్డుల వెనక అంకెలు ఫొటో తీసి పంపమన్నాడు. బాబు వాళ్ళ అమ్మ పర్సులోంచి కార్డులు తీసి గీకి పంపాడు. డబ్బు పోయినందుకు ఆ పిల్లవాడు ఏడవలేదు. తనతో మాట్లాడింది ఆయన కాదని తెలిసినప్పుడు ఏడ్చాడు. జట్టు టోపీ తీసి మంచం కిందకు విసిరేశాడు, వారం రోజులు అక్కడే ఉంది. ఇప్పుడు చెప్పండి, "పిల్లలను నిస్సంకోచంగా మాట్లాడనివ్వండి" అని చేతులు జోడించిన బొమ్మలతో పంపిన పెద్దలు ఎవరు?

మిగిలింది ఐదోది. సంస్కారవంతులు.

2025 మే 10న హ్యూస్టన్ పిచర్ లాన్స్ మెకల్లర్స్ సిన్సినాటి మీద బంతి వేశాడు. గాయాలతో రెండు సీజన్లు పూర్తిగా పోయి, తిరిగొచ్చాక అతనికది రెండో ఆట. ఒక్కణ్ణి మాత్రమే అవుట్ చేయగలిగాడు, ఏడు పరుగులు ఇచ్చాడు. ఆ రాత్రి అతని ఫోనుకు సందేశాలు వచ్చాయి. మీ పిల్లలను వెతికి పట్టుకుని చంపుతాం అని. అతనికి ఇద్దరు చిన్న కూతుళ్ళు. ఇంటికి ఇరవై నాలుగు గంటల కాపలా పెట్టుకోవలసి వచ్చింది. ఐదేళ్ళ కూతురు "మనల్ని ఎవరు కొట్టాలనుకుంటున్నారు నాన్నా?" అన్నట్టుగా అడిగిందని అతనే తర్వాత చెప్పాడు. పోలీసులు దర్యాప్తు చేసి ఆ మనిషిని కనిపెట్టారు. ఎక్కడో విదేశంలో కూర్చుని ఆట మీద పందెం కాసి, ఓడి, తాగి రాశాడట. తప్పయిపోయిందని, ఆ కుటుంబానికి క్షమాపణ చెప్పమని పోలీసులనే బతిమాలుకున్నాడు. కేసు పెట్టలేదు.

అదే నెలలో బోస్టన్ పిచర్ లియామ్ హెండ్రిక్స్ తనకూ తన భార్యకూ వస్తున్న బెదిరింపుల గురించి ఇన్‌స్టాగ్రామ్‌లో రాశాడు. ఇతను 2023 జనవరిలో తనకు రక్త కేన్సర్ ఉందని అదే ఇన్‌స్టాగ్రామ్‌లో చెప్పినవాడు, ఏప్రిల్‌లో నయమైందని అక్కడే చెప్పినవాడు. ఎంతోమంది అభినందించారు. రెండేళ్ళ తర్వాత అదే ఫోనుకు, ఆ కేన్సర్‌తోనే పోయి ఉంటే బాగుండేదని సందేశాలు వచ్చాయి.

వీళ్ళంతా అభిమానులా? చాలామంది కారు, అందుకే మన గ్రూపుల్లో ఈ సంగతి ఎవరికీ ఎక్కడం లేదు. 2018 మేలో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో ఆటల మీద పందేలకు రాష్ట్రాలకు దారి తెరుచుకుంది, ఇప్పుడు 30కి పైగా రాష్ట్రాల్లో చట్టబద్ధం. జట్టు గెలుస్తుందా ఓడుతుందా అన్నదొక్కటే కాదు, ఈ పిచర్ ఇవాళ ఎంతమందిని అవుట్ చేస్తాడన్న దాని మీద కూడా ఫోనులోనే పందెం కాయవచ్చు. అందువల్ల జట్టు గెలిచిన రోజున కూడా ఆటగాడికి తిట్లు తప్పవు. తిట్టేవాడికి జట్టుతో పని లేదు, వాడి లెక్క వేరు. 2025 నవంబరులో ఒక్కో బంతి మీద కాసే పందేలకు 200 డాలర్ల పరిమితి పెట్టారు. అది ఆట అమ్ముడుపోకుండా చూసుకోవడానికి, తిట్లు ఆపడానికి కాదు. 199 డాలర్లు పోయినవాడు సంస్కారంగా ఉంటాడని ఆశ కాబోలు.

మన క్రికెటర్లు సిగ్గుపడాలట! మన హైదరాబాదీ సిరాజ్‌ను ఐపీఎల్‌లో ఒక సీజన్ సరిగ్గా సాగనందుకు, మీ నాన్నతో కలిసి ఆటో నడుపుకో పో అని తిట్టినవాళ్ళు హ్యూస్టన్‌వాళ్ళు కాదు. మెకల్లర్స్‌ను బెదిరించినవాడు ఏ దేశంవాడో బయటపెట్టలేదు. రెండు దేశాల్లోనూ ఫోను ఒకటే.

ఇంతదూరం వచ్చాక ఒకటి చెప్పకుండా తప్పించుకోలేను. 2019 అక్టోబరు 30న, ఆ ఏటి విజేతను తేల్చే వరల్డ్ సిరీస్‌లో చివరిదైన ఏడో ఆట ఇక్కడే, హ్యూస్టన్‌లో జరిగింది. ఏడో ఇన్నింగ్స్‌లో మేము ముందంజలో ఉండగా వాషింగ్టన్ ఆటగాడు కొట్టిన బంతి కుడివైపు గీత చివర నిలబెట్టిన స్తంభానికి ఠంగున తగిలింది. హోమ్ రన్. ఆ శబ్దం ఇప్పటికీ నా చెవిలో ఉంది. మేము ఓడాం. నేను సోఫాలో కూర్చుని, ఆ బంతి వేసిన మా పిచర్ ఇన్‌స్టాగ్రామ్ ఖాతా తెరిచి, అతని కుటుంబ ఫొటో కింద ఒక మాట రాశాను. ఆ మాట ఇక్కడ రాయను. పందెం కాయలేదు, తాగలేదు, నాకు ఆ సాకులు కూడా లేవు.

పొద్దున లేచి తీసేశాను. అప్పటికే దానికి మూడు లైకులు ఉన్నాయి. ఒకటి మా బావమరిదిది.