కింగ్ బడిలో యాసకు చోటేది?

మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్‌కు పబ్లిక్ స్పీకింగ్‌లో వచ్చిన గ్రేడు ఎంతో తెలుసా? సి. పెన్సిల్వేనియాలో పాస్టర్లను తయారుచేసే క్రోజర్ సెమినరీలో మాస్టార్లు ఆయనకు వేసింది అంతే. 1951లో ఆయన అక్కడే క్లాసు ఫస్టు, 1955లో బోస్టన్ యూనివర్సిటీలో డాక్టరేట్. ఇక 1963లో వాషింగ్టన్‌లో చేసిన ‘నాకో కల ఉంది’ ప్రసంగం గురించి చెప్పక్కర్లేదు.

పదిహేనేళ్లకే మోర్‌హౌస్ కాలేజీలో చేరిన తెలివైన కుర్రాడాయన. కానీ ఆ గొంతు కాలేజీ ఇచ్చింది కాదు. తాత, తండ్రి పాస్టర్లుగా ఉన్న అట్లాంటా ఎబెనీజర్ చర్చిలో వచ్చింది. అక్కడ పాస్టర్ ఒక మాట అంటే, బుర్రకథలో వంతల్లాగా జనం అందుకుంటారు. ఆ లయకు మార్కులు వేసే కొలత సెమినరీ దగ్గర ఉన్నట్టు లేదు.

ఇప్పుడు అమెరికాలో ఆయన పేరున్న బడులు వందకు పైనే. అందులో ఒకదాని కథ చాలామందికి తెలియదు. మిషిగన్ రాష్ట్రం ఆన్ ఆర్బర్‌లో మార్టిన్ లూథర్ కింగ్ ప్రాథమిక పాఠశాల ఉంది. అప్పట్లో అక్కడ ఎక్కువమంది శ్వేతజాతి పిల్లలే. పక్కనున్న పేదల ఇళ్ల నుంచి కొద్దిమంది నల్లజాతి పిల్లలూ వచ్చేవారు. వాళ్ల ఇంటి ఇంగ్లిష్ వేరు. దాంతో కొందరిమీద ‘నేర్చుకునే శక్తి లేదు’ అన్న ముద్ర పడింది, కొందరు అదే క్లాసులో ఉండిపోయారు. 1977లో తల్లులు కోర్టుకెళ్లారు. కింగ్ పేరు పెట్టుకున్న బడి మీద, కింగ్ జాతి పిల్లలు!

1979లో జడ్జి చార్లెస్ జాయినర్ పిల్లల పక్షాన తీర్పు ఇచ్చారు. పిల్లల యాస తప్పు కాదు, ఆ యాసను టీచర్లు చూసే తీరే అడ్డుగోడ అన్నారు. టీచర్లకు ట్రైనింగ్ ఇవ్వమని ఆదేశించారు.

ప్రామాణిక ఇంగ్లిష్ రాకపోతే ఉద్యోగాలెలా అన్న వాదన అప్పుడూ వచ్చింది, నల్లజాతి పెద్దల్లోనూ కొందరు అన్నారు. వాళ్ల భయం అర్థమవుతుంది. కానీ కోర్టు యాసలో పాఠాలు చెప్పమనలేదు. ప్రామాణిక ఇంగ్లిష్ చదవడం నేర్పడానికే ముందు పిల్లల భాష తెలుసుకోమంది.

ఈ తీర్పు గురించి చదివినప్పుడల్లా నాకు మన తెలుగు క్లాసే గుర్తొస్తుంది. ‘పోతున్న సార్’ అంటే ‘వెళ్తున్నాను అనాలి’ అని సరిదిద్దిన మాస్టార్లు ఎంతమంది! తెలంగాణ యాసను సినిమాల్లో కమెడియన్‌కో రౌడీకో అంటగట్టి ఏళ్ల తరబడి నవ్వుకున్నాం. ఇప్పుడు కాళోజీ జయంతి, సెప్టెంబర్ 9న తెలంగాణ భాషా దినోత్సవం జరుపుతున్నాం, సంతోషం. మరి సెప్టెంబర్ 10న క్లాసులో ఏ భాష ఒప్పు? ఉత్తరాంధ్ర పిల్ల ‘ఏటి’ అంటే, సీమ పిల్లాడు ‘యాడికి’ అంటే పక్క బెంచీ నవ్వకుండా ఉంటుందా? ఆ నవ్వు ఒకసారి పడితే పిల్ల మళ్లీ చెయ్యెత్తదు. ప్రశ్న అడగదు.

ఇంగ్లిష్ మీడియమా, తెలుగు మీడియమా అని ఇన్నేళ్లుగా గొంతులు చించుకుంటున్నాం. నేను ఇంగ్లిష్ మీడియానికి వ్యతిరేకిని కాను, పేదల పిల్లలకు అది కావాల్సిందే. ఆ గొడవలో ఏ పక్షమూ అడగని మాట ఒకటుంది: పిల్ల ఇంట్లో ఏం మాట్లాడుతోంది? ఉట్నూరు గూడెంలో గోండీ మాట్లాడే పిల్లాడికి మన తెలుగు మీడియం కూడా పరాయి మీడియమే.