చెమ్మ ఎవరి వాటాకి వస్తుంది?

తాతతండ్రుల నుంచి వచ్చిన ఇంటిని అమ్మదలచినవాళ్లు మొట్టమొదట చేయాల్సిన పని, ఆ ఇంటి గోడలకి చెమ్మ ఉన్న సంగతి మరిచిపోవడం. అనుకున్నంత తేలిక కాదిది. పడమటి గదిలో గోడకి ఆనుకుని పడుకోవద్దని అమ్మ చేత ఏళ్ల తరబడి చీవాట్లు తిన్నవాళ్లు, శ్రావణ శుక్రవారం పట్టుచీర మడత విప్పితే బూజు మచ్చలు చూసినవాళ్లు, వానాకాలంలో ఆ గది తలుపు భుజం పెట్టి నెడితే తప్ప పడదని ఎరిగినవాళ్లు, అందరూ ఒకేసారి కూడబలుక్కున్నట్టు మరిచిపోవాలి. ఆస్తి దగ్గర అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఒక్కమాట మీదికి వచ్చే అరుదైన ఘట్టం కాబట్టి దీన్ని తగినంత గౌరవంతో పరిశీలించాలని నా ఉద్దేశం.

బందరు సంగతే తీసుకుందాం. ఓ పక్క సముద్రం, అడుగున ఉప్పునీరు. 1864లో ఉప్పెన ఈ ఊళ్లోకే వచ్చింది, 1977లో పక్కనున్న దివిసీమను ముంచింది. ఇలాంటి చోట గోడ తడిగా ఉండటం సహజం, పొడిగా ఉంటేనే ఆరా తీయాలి. పైగా పాత ఇళ్లు గానుగ సున్నంతో కట్టినవి. పునాదికీ గోడకీ మధ్య నీటిని ఆపే పొర, ఇప్పటి మేస్త్రీలు డీపీసీ అనేది, చాలావాటికి లేదు. నేలలోని నీరు ఇటుకల్లోంచి మెల్లగా పైకి పాకి, మోకాలు దాటి నడుము ఎత్తు దాకా వచ్చి, అక్కడ గాలికి ఆరిపోతుంది. తనతో తెచ్చిన ఉప్పును మాత్రం గోడలో వదిలేస్తుంది. ఆ ఉప్పు పొంగినప్పుడల్లా ఒక పెచ్చు ఊడుతుంది.

సున్నపు గోడ ఈ బాధను ఓర్చుకునేది. ఎక్కడి తడిని అక్కడే బయటికి వదిలేసేది. పెద్దకొడుక్కి ఉద్యోగం రాగానే తండ్రి మీద ప్రేమ కొద్దీ సున్నం గీకించి సిమెంటు పూయించాడు. తడికి బయటపడే దారి మూసుకుపోయి ఇంకో రెండడుగులు పైకెక్కింది. ఎదిగివచ్చిన కొడుకుల ఉపకారాన్ని గోడ మీద అడుగుల్లో కొలవొచ్చు.

పురపాలక సంఘం వారి సేవను కూడా ఇక్కడ స్మరించాలి. పాత రోడ్డును తవ్వకుండా దాని నెత్తి మీదే కొత్త సిమెంటు రోడ్డు వేయడం మన పట్టణాల సంప్రదాయం. తాతగారి హయాంలో వీధిలోంచి మూడు మెట్లెక్కి అరుగు మీదికి వచ్చేవాళ్లు. ఇప్పుడు రోడ్డు మీంచి ఒక మెట్టు దిగాలి. ఊరు అభివృద్ధి చెందింది, ఇల్లు ఉన్నచోటే ఉంది. వాన పడితే వీధిలోని నీళ్లన్నీ పిలవని చుట్టాల్లా గడప దాటి లోపలికొస్తాయి.

ఇక ఇల్లు చూపించడానికి మంచికాలం రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండకి గోడ ఆరకుండా ఎక్కడికి పోతుంది? ఆషాఢంలో శుభకార్యాలు పెట్టుకోకూడదు, ఇళ్ల బేరాలు మాట్లాడకూడదు అని పెద్దలు అన్నారు. తొలకరికి గోడల మీద దేశపటాలు తేలే నెల కూడా అదే. అమ్మేవాడి క్షేమం కోరి పెట్టిన ఇంత గొప్ప ఆచారం మీద ఇంతవరకూ ఒక్క పండితుడూ వ్యాఖ్యానం రాయకపోవడం విచారకరం. కొనేవాడు మూఢం చూసుకుంటాడు, వర్జ్యం చూసుకుంటాడు. కిందటి ఏడాది వానాకాలంలో ఆ వీధి ఎలా ఉందో మాత్రం ఎదురింటివాళ్లని అడగడు.

ఎండ చేయలేని పని పెయింటరు చేస్తాడు. ఊడే పెచ్చుల్ని తీగబ్రష్‌తో గీకి, రెండు చేతులు లప్పం పెట్టి, ఆరీ ఆరకముందే ప్రైమర్ కొట్టి, పైన లేత క్రీమ్ రంగు వేస్తాడు. "ఎన్నాళ్లు ఆగుతుందోయ్?" అని అడిగితే, "రిజిస్ట్రేషన్ ఎప్పుడండీ?" అని తిరిగి అడుగుతాడు. ఇంత నిజాయితీగా మాట్లాడేవాడు ఈ వ్యవహారం మొత్తంలో మళ్లీ కనిపించడు.

మిగతాది బ్రోకర్ చూసుకుంటాడు. రంగులోంచి కూడా బయటికొచ్చిన మచ్చ మీద వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ తగిలిస్తాడు. దేవుణ్ని పక్కకి జరిపి గోడ చూసేవాడు తెలుగుదేశంలో ఇంకా పుట్టలేదని అతని ధైర్యం. కాళ్లకింద ఇటుకలు పెట్టిన బీరువాను, దాని అడుగున పట్టిన తుప్పు ఎవరికీ కనబడకుండా, మూలకి తిప్పుతాడు. సాంబ్రాణి వేయిస్తాడు. కొనడానికి వచ్చినవాళ్లతో ఒక పెద్దావిడ ఉంటుంది, ఆవిడే ప్రమాదం. గదిలో అడుగు పెట్టగానే ముక్కు ఎగబీల్చి, "ఇదేమిటే, ఆరని బట్టల వాసనొస్తోంది" అంటుంది. "సముద్రం గాలమ్మా, ఒంటికి చాలా మంచిది" అంటాడు బ్రోకర్. మచ్చ ఈశాన్యంలో తేలితే అతనికి పండగే. ఈశాన్యంలో నీరు ఉండాలని వాస్తు చెబుతోంది కదా, ఈ ఇంట్లో బోరు వేయకుండానే ఉంది.

అమెరికాలో ఉన్న వారసుడి పాత్ర ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. ఆయన టెక్సస్‌లో ఇల్లు కొన్నప్పుడు, ఇంట్లోకి ఎప్పుడైనా నీళ్లొచ్చాయా, లీకులున్నాయా అని అమ్మేవాడు రాసివ్వాల్సిన ఫారం ఒకటి చేతికొచ్చింది. అక్కడి చట్టం అది. ఆ ఫారంలో ప్రతి గడీ చదివి, రెండు ప్రశ్నలు ఎక్కువే అడిగాడు. ఇప్పుడు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఆయన పెట్టిన మెసేజ్: "ఇండియాలో ఇవన్నీ ఎవరు పట్టించుకుంటారు, అనవసరంగా కెలక్కండి."

ఆయనకి తెలియదేమో గానీ ఇండియాలోనూ ఒక చట్టం ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, అమ్మేవాడికి తెలిసి కొనేవాడికి తెలియని ముఖ్యమైన లోపం ఏదైనా ఉంటే, మామూలు జాగ్రత్తతో చూస్తే కొనేవాడికి అది కనబడనిదైతే, అమ్మేవాడు చెప్పితీరాలి. దాచితే మోసం కిందే లెక్క. దీన్ని మన కుటుంబాలు చాలా శ్రద్ధగా పాటిస్తున్నాయి. అమ్మేవాళ్లందరూ ముందే మరిచిపోయారు కాబట్టి తెలిసినవాళ్లు లేరు. క్యాలెండర్ ఎత్తి చూస్తే కనబడుతుంది కాబట్టి కనబడని లోపమూ కాదు.

ఒకే ఇల్లు ఒకే నెలలో మూడు రూపాలు ఎత్తడం కూడా చూడొచ్చు. కొనేవాడి ముందు అది రాయిలాంటి ఇల్లు. రిజిస్ట్రారు ఆఫీసులో కట్టడం విలువ లెక్కకట్టేటప్పుడు వయసు మళ్లిన శిథిలం. ఇన్‌కమ్ ట్యాక్స్ కోసం, పాత ఆస్తికి కొన్న ధర కింద చూపించుకోదగ్గ 2001 ఏప్రిల్ 1 నాటి విలువ తీసేటప్పుడు మాత్రం రాజభవనం, ఎందుకంటే ఆ విలువ ఎంత పెరిగితే పన్ను అంత తగ్గుతుంది. అది ఆ నాటి స్టాంపు విలువను, అంటే రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం కట్టిన విలువను, దాటడానికి వీల్లేదని 2020లో ఓ నిబంధన తెచ్చి, ఆ ఊహాశక్తికీ ప్రభుత్వం అడ్డుగోడ కట్టేసింది. ఆ గోడకి మాత్రం చెమ్మ పట్టదు.

చివరికి కొనడానికి వచ్చేది బిల్డరు. ఇల్లంతా తిరిగి, క్రీమ్ రంగు గోడ మీద వేళ్లతో కొడతాడు. డొల్లగా మోగుతుంది. గోరుతో గీరితే లప్పం రాలి, తెల్లటి ఉప్పు బయటపడుతుంది. "గోడలు పోయాయండీ. గజానికి రెండు వేలు తగ్గించుకోవాలి" అంటాడు బాధగా. ఆయన కొన్న వారంలోపే ఆ గోడల్ని జేసీబీతో పడగొట్టించి అయిదంతస్తులు లేపుతాడు. పడగొట్టేవాడికి గోడల ఆరోగ్యంతో పనేమిటని ఎవరూ అడగరు. పైన పోసిన రంగు డబ్బులు ఎలాగూ పోయాయి కదా, బేరం చెడితే అవి కూడా గుర్తొస్తాయని భయం.

అసలు పంచాయితీ మొదలయ్యేది ఇక్కడే. ఇంటి ధరలో ఎవరి వాటా ఎంతో అందరికీ పైసాతో సహా తెలుసు. తగ్గిన గజానికి రెండు వేలు ఎవరి వాటా? ఇంట్లో ఉండి చూసుకోనివాడిదే తప్పు, వాడి వాటాలోంచి కొయ్యాలంటాడు హైదరాబాద్ పెద్దన్నయ్య. "సిమెంటు పూయించింది నువ్వు కదన్నయ్యా" అంటాడు ఇల్లు కనిపెట్టుకుని ఉన్న తమ్ముడు. బయటి దేశం నుంచి పవరాఫ్ అటార్నీ పంపిన ఆయన, నా వంతులో ఎలాగూ పన్ను పట్టుకునే ఇస్తారు, ఇది కూడానా అంటాడు. తండ్రి స్వార్జితంలో కూతురికి 1956 నుంచే వాటా ఉంది. ఉమ్మడి ఆస్తిలో పెళ్లికాని కూతుళ్లకి ఆంధ్రప్రదేశ్ 1985లోనే ఇచ్చింది, 2005లో దేశమంతటా కూతుళ్లందరికీ వచ్చింది. అయినా మన ఆడపడుచుకి నిన్నటి దాకా చూపించింది పసుపు కుంకుమలే. ఆవిడ నింపాదిగా, "ధరలో వాటా అడిగితే చీరా సారె అన్నారు. చెమ్మ దగ్గరికొచ్చేసరికి నేనూ సమాన వారసురాలినేనా అన్నయ్యా?" అంటుంది. అంతే, గ్రూపులో రెండు రోజుల పాటు గుడ్ మార్నింగులు కూడా ఆగిపోతాయి.

కాబట్టి శాసనసభ వారు ఈసారి వారసత్వ చట్టాన్ని సవరించేటప్పుడు, ఆస్తితో పాటు నెమ్మునీ చదరపు అడుగుల లెక్కన వారసులకి పంచే ఏర్పాటు చేయాలని వినయంగా కోరుతున్నాను. ఎవరి మచ్చ ఎవరిదో సర్వేయరు కొలిచి రాళ్లు పాతితే సరిపోతుంది.

అంతదాకా మనకి దిక్కు డాక్యుమెంట్ రైటర్ గారే. చెమ్మ సంగతి దస్తావేజులో ఎక్కడ రాయాలండీ అని భయపడుతూ అడిగితే ఆయన తల కూడా ఎత్తరు. "ఉంది లెండి" అంటారు. నిజంగానే ఉంది. "నిధి నిక్షేప జల పాషాణాది అష్టభోగాలతో సహా సర్వహక్కులతో మీకు స్వాధీనపరచడమైనది" అని తాతల కాలం నుంచీ రాస్తున్న వాక్యమే. నిధి ఎవరికీ దొరకలేదు, నిక్షేపాలు లేవు. మూడోదాన్ని మాత్రం నేల నుంచి నడుము ఎత్తు వరకు, సాక్షుల సంతకాలతో సహా, కొన్నాయనకి అప్పజెప్పేశారు. 55వ సెక్షన్ ప్రకారం చెప్పాల్సింది చెప్పినట్టే.