నేల మీద నడిచే విమానానికీ స్పెక్ట్రమ్ ఇవ్వండి

టాక్సీ చేస్తున్న, అంటే నేల మీద నడుస్తున్న విమానం దేన్నైనా గుద్దబోతుంటే పైలట్‌ను ముందే హెచ్చరించే రాడార్ ఉంది. రెక్కల కొసల్లో అమరుతుంది. దానికి మన దేశం స్పెక్ట్రమ్‌ను, అంటే వాడుకోవడానికి రేడియో తరంగాల వాటాను, స్పష్టంగా, వేలం లేకుండా, లైసెన్స్ కోసం తిప్పించుకోకుండా ఇవ్వాలి. విశాఖ దగ్గరి భోగాపురం కొత్త విమానాశ్రయంలో రద్దీ పెరిగి, ఏదో ఒక రెక్క విరిగాక కాదు, ఇప్పుడే ఇవ్వాలి.

2024 మార్చి 27న కోల్‌కతాలో జరిగింది గుర్తుండే ఉంటుంది. దర్భంగా వెళ్లాల్సిన ఇండిగో విమానం టాక్సీ చేస్తూ, రన్‌వే అనుమతి కోసం ఆగి ఉన్న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానాన్ని రెక్కతో గుద్దింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో అట్లాంటాలో డెల్టా ఎ350 రెక్క తగిలి ఓ చిన్న విమానం తోక ఊడి పక్కకు పడింది. 2025 ఫిబ్రవరిలో సియాటెల్‌లో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం రెక్క, ఆగి ఉన్న డెల్టా విమానం తోకలోకి దిగబడింది. వీటిలో ఎవరూ చనిపోలేదు. అందుకే ఒక్క రోజు వార్తగా మిగిలిపోయాయి. కానీ రెక్కల్లోనే ఇంధనం ఉంటుందని, లోపల వందల మంది బెల్టులు కట్టుకుని కూర్చుని ఉంటారని మరచిపోకూడదు.

ఎ350 రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 64.75 మీటర్లు. ఇంత పెద్ద విమానాల్లో రెక్క కొస ఎక్కడుందో కాక్‌పిట్‌లోంచి సరిగా కనిపించదు. రెక్క కొసలు సులువుగా కనపడని పెద్ద విమానాలకు కెమెరాల్లాంటి సాయం తప్పనిసరి చేయాలని అమెరికా రవాణా భద్రతా బోర్డు 2012లోనే సిఫార్సు చేసింది. ఆ తర్వాత కూడా రెక్కలు తగులుతూనే ఉన్నాయి. రాత్రిపూట, జోరు వానలో, విమానాలు ఆగే ఇరుకు ఏప్రన్ మీద కెమెరా కన్నా రాడార్ మేలు. అది దూరాన్ని అంచనా వేయదు, కొలుస్తుంది.

ఆ కొలత ఎంత కచ్చితంగా ఉండాలన్నది స్పెక్ట్రమ్ చేతిలోనే ఉంది. ఈ రాడార్లకు సరిపోయేది 76 నుంచి 81 గిగాహెర్ట్జ్ బ్యాండ్. అక్కడ తరంగం పొడవు దాదాపు 4 మిల్లీమీటర్లే కాబట్టి యాంటెన్నా అరచేతిలో ఇమిడిపోతుంది, రెక్క కొసలో పెట్టడం కష్టం కాదు. అంతకన్నా ముఖ్యం బ్యాండ్ వెడల్పు. ఒక గిగాహెర్ట్జ్ ఇస్తే, దూరంలో 15 సెంటీమీటర్ల తేడా ఉన్న రెండు వస్తువులను రాడార్ విడివిడిగా చూడగలదు. నాలుగు గిగాహెర్ట్జ్ ఇస్తే ఆ తేడా 4 సెంటీమీటర్ల లోపుకు దిగుతుంది. ముందున్నది సామాను ట్రాలీనా, దాని వెనకే ఇంకో విమానం తోక ఉందా అన్నది తేలేది ఇక్కడే. బ్యాండ్‌ను పిసినారిగా ఇస్తే పైలట్‌కు మసక బొమ్మ ఇచ్చినట్టే.

ఇదేమీ కొత్త ప్రయోగం కాదు. కార్లు ఇదే బ్యాండ్‌లో ముందున్న బండిని చూసి బ్రేక్ వేస్తున్నాయి. అమెరికా 2017లో ఈ మొత్తం బ్యాండ్‌ను వాహనాల రాడార్లకు తెరుస్తూ, నేల మీద మాత్రమే వాడే విమాన రాడార్లను కూడా రూల్‌లో పేరు పెట్టి చేర్చింది. విమానం గాల్లోకి లేవగానే రాడార్ ఆగిపోయే ఏర్పాటు ఉండాలని షరతు పెట్టింది. మన దగ్గర 2015లోనే 76–77 గిగాహెర్ట్జ్‌లో తక్కువ పవర్ రాడార్లకు లైసెన్స్ అక్కర్లేదన్నారు. కార్లకు ఆ మేలు జరిగింది. నేల మీద ఉన్న విమానం మాట కూడా మన రూల్‌లో అంతే సూటిగా ఉండాలి, 81 దాకా ఉండాలి.

అభ్యంతరాలు లేకపోలేదు. ఇదే బ్యాండ్‌లో రేడియో ఖగోళ శాస్త్రవేత్తలు ఆకాశాన్ని వింటారు, కార్ల రాడార్లతో గందరగోళం రావచ్చు, రెక్క పక్కన నడిచే సిబ్బంది ఉండగా ఇదెందుకు అంటారు. పుణె దగ్గరి మన పెద్ద రేడియో టెలిస్కోప్ జీఎంఆర్‌టీ పనిచేసేది దీనికి ఎంతో దిగువన, 1.5 గిగాహెర్ట్జ్ లోపు. కార్లు వేల సంఖ్యలో ఒకే రోడ్డు మీద ఈ బ్యాండ్‌ను పంచుకుంటుంటే, ఏప్రన్ మీద పదో ఇరవయ్యో విమానాలు పంచుకోలేవా? ఇక సిబ్బంది టాక్సీవే పొడవునా విమానం వెంట నడవరు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది వేరే ఉంది. మన దేశంలో స్పెక్ట్రమ్ అంటే ఖజానాకు వచ్చే డబ్బే. 2022 ఆగస్టులో 5జీ వేలం ముగిసింది, లక్షన్నర కోట్ల రూపాయల బిడ్లు వచ్చాయని పండగ చేసుకున్నాం. విమానాల ఎత్తు కొలిచే రేడియో ఆల్టిమీటర్లకు 5జీ టవర్లు అడ్డుతగలొచ్చన్న సంగతి నవంబర్‌లో గుర్తొచ్చింది. రన్‌వే కొసల నుంచి 2.1 కిలోమీటర్లు, మధ్య గీత నుంచి 910 మీటర్ల లోపు 3.3–3.67 గిగాహెర్ట్జ్ టవర్లు పెట్టొద్దని టెలికాం శాఖ అప్పుడు ఉత్తరం రాసింది. ముందు అమ్మి తర్వాత ఆలోచించడం మనకు అలవాటైపోయింది.

ఉత్తరాంధ్ర వాళ్లకు ఇది బాగా తెలియాలి. 2023 అక్టోబర్ 29న కంటకాపల్లి దగ్గర విశాఖ నుంచి బయల్దేరిన రెండు ప్యాసింజర్ రైళ్లు ఢీకొని 14 మంది చనిపోయారు. రైళ్ల భద్రత కోసం 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 5 మెగాహెర్ట్జ్ ఇస్తూ కేంద్ర కేబినెట్ నిర్ణయం తీసుకుంది 2021 జూన్‌లో. రెండేళ్లు దాటినా, ప్రమాదం నాటికి ఆ లైన్‌లో రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థ లేదు. అందుకే స్పెక్ట్రమ్ ఇచ్చి ఊరుకుంటే చాలదంటున్నాను. కొత్తగా వచ్చే పెద్ద విమానాల్లో ఈ రాడార్ ఫలానా తేదీ నుంచి ఉండి తీరాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అదే రోజు చెప్పాలి.

చట్టం అడ్డం రాదు. 2023 టెలికాం చట్టం మొదటి షెడ్యూల్‌లో వేలం లేకుండా స్పెక్ట్రమ్ ఇవ్వగల పనుల్లో విమానాశ్రయాల భద్రత ఉంది. విశాఖలో పౌర విమానాలు దశాబ్దాలుగా నేవీవారి ఐఎన్ఎస్ డేగా రన్‌వే మీదే సర్దుకున్నాయి. భోగాపురం తొలి దశనే ఏడాదికి 60 లక్షల మంది కోసం, 3.8 కిలోమీటర్ల రన్‌వేతో తలపెట్టారు. పెద్ద విమానాలు రావాలనే కదా అంత రన్‌వే. పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళం ఎంపీ. టెలికాం సహాయ మంత్రి పెమ్మసాని చంద్రశేఖర్ గుంటూరు ఎంపీ. టెలికాం మంత్రి సింధియా అంతకుముందు విమానయాన శాఖనే చూశారు, టెలికాం శాఖ ఆ 2022 నవంబర్ ఉత్తరం రాసింది ఆయన విమానయాన మంత్రిగా ఉండగానే. ఈ ఫైలు కదలడానికి ఈ ముగ్గురూ ఒకసారి కూర్చుంటే చాలు.