దయ దాకా ఎందుకు, మా అత్తగారు చాలు

సీఐడీ అనే హిందీ డిటెక్టివ్ సీరియల్ పిచ్చి ముదిరిందనడానికి మీరు రాసిన లక్షణాలు బాగున్నాయి గానీ, వాటిలో మీరు చెప్పినట్టు తాళం వేసిన తలుపు చూస్తే, అందులో తలుపులు బద్దలుకొట్టే ఇన్‌స్పెక్టర్ దయ గుర్తుకు రావడం మొదటి దశ మాత్రమేనండీ. మాది విజయవాడ సత్యనారాయణపురం. మా అత్తగారి కేసు ఇంకా పైస్థాయి. పాలబ్బాయి ఆలస్యంగా వస్తే ‘ఆ టైంలో ఎక్కడున్నావు, చూసినవాళ్లెవరు?’ అంటారు. మొన్న సున్నుండలు తగ్గాయి. డబ్బా మూత ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు, వేలిముద్రలు చెరిగిపోతాయట! చివరికి మామయ్యగారి మీసానికి పొడి దొరికింది. షుగర్ మనిషి, నోరెత్తలేదు పాపం. బీసెంట్ రోడ్డులో పక్కావిడ బేరమాడకుండా చీర కొన్నా అనుమానమే (ఇది మాత్రం నాకూ అనుమానమే).

1998లో మొదలై 2018 దాకా ఆడిన సీరియల్ మరి. 2004లో 111 నిమిషాల ఎపిసోడ్‌ని ఒకే షాట్‌లో తీశారు కూడా. 2024 డిసెంబరులో మళ్లీ మొదలయ్యేసరికి మా ఇంట్లో రిమోట్ శాశ్వతంగా చేతులు మారింది. అసలు చిక్కు ఆ సీరియల్లో ఫోరెన్సిక్ పరీక్షలు చేసే డాక్టర్ సాలుంఖేతోనే. ఆయన క్షణాల్లో రిపోర్ట్ చెప్పేస్తాడు. ఇక్కడ రక్తపరీక్షకి సాయంత్రం రమ్మంటే, ల్యాబ్ కుర్రాడు ఎవర్నో కాపాడుతున్నాడని ఈవిడ తేల్చేశారు.