మా గురువుగారి తీగకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ తీగ గారికి,

రెండు చెక్కపిడుల మధ్య మూరెడు పొడవు. అంతే మీరు. కానీ నేను పని నేర్చుకునే రోజుల్లో మిమ్మల్ని చూస్తే పుట్టిన టెన్షన్ ఏ పరీక్ష హాల్లోనూ పుట్టలేదు.

కుమ్మరి సారె మీద తయారైన కుండను అడుగున కోసి విడదీయడం మీ అసలు ఉద్యోగం. మా గురువుగారు మీకు ఇంకో డ్యూటీ కూడా వేశారు: పైనుంచి కిందికి, నిలువునా. చప్పుడు కూడా ఉండదు. నేను మురిసిపోతూ చూపించిన మొదటి కుండ రెండు చెక్కలై పడింది. ఆయన ఏమీ అనలేదు. కోసిన గోడ మీద వేలు ఆనించి, పక్క సారె దగ్గరికి వెళ్లిపోయారు. అంచు కాగితమంత, అడుగు ఇటుకంత!

పలచటి అంచు ముందే ఆరి ముడుచుకుంటుంది, మందపు అడుగు తాపీగా వస్తుంది. వాటి తగాదాలో చీలేది కుండ. చీలకుండా, కుండలు కాల్చే ఆవందాకా చేరితే ఇంకా ఘోరం. లోపల దాక్కున్న తడి 100 డిగ్రీలు దాటగానే ఆవిరై దారి వెతుక్కుంటుంది, దొరక్కపోతే చేసుకుంటుంది. పక్కనున్న పాపం తెలియని కుండలకూ దెబ్బే. ఇదంతా ఆయన నోటితో రెండు నిమిషాల్లో చెప్పేయొచ్చు. మీ చేత ఏడాది పాటు చెప్పించారు.

"పచ్చిగా ఉండగానే కోసుకో." ఆయన నాతో అన్న పూర్తి వాక్యం బహుశా ఇదొక్కటే. పచ్చి కుండను నీళ్లలో వేస్తే మళ్లీ ముద్దవుతుంది. 600 డిగ్రీలు దాటి కాలిందంటే ఇక మట్టిలోకి రాదు.

ఆయన సారె వదిలేసిన రోజు మిమ్మల్ని నా చేతిలో పెట్టారు. మెచ్చుకోలు మాట ఏదైనా వస్తుందేమోనని కాసేపు నిలబడ్డాను లెండి. రాలేదు.

నాకు అధికారం వచ్చిన వెంటనే మీ రెండో డ్యూటీ రద్దు చేశాను. ఇంత సీనియర్ని, నా కుండల్ని కోసి చూసుకోవడమేమిటి? నిరుడు ఆవంలో పేలిన పెద్ద జాడీ సంగతి మీరు ఎత్తకండి. అది వాతావరణం తప్పు.

ఇంకో విషయం. ఆయన చేతుల్లోనే మీకు నడుమ ఒక మెలిక పడింది. మీరు వెళ్లిన ప్రతి కుండ అడుగునా అది ఒక సన్నటి వంకర గీత గీస్తుంది. ఆయన కుండలన్నింటికీ ఉంది, ఇప్పుడు నావాటికీ ఉంది. నిన్న ఒకాయన కుండ తిరగేసి చూసి, "ఇది మీ సంతకమా అండీ?" అని అడిగారు.

అవునన్నాను. మీరు పక్కనే ఉన్నారు, విన్నారు. దయచేసి ఎవరికీ చెప్పకండి.

ఇట్లు,
మీ చేత కోతలు తిన్న విధేయుడు