సముద్రుడి ఇంట్లో అద్దె వాటా

అద్దెకు దిగినవాడు ఎన్నేళ్లయినా ఖాళీ చేయకపోవడం మన దేశపు జాడ్యమే అనుకునేవాణ్ణి. ఇంగ్లండులోని డాలిష్ రైల్వే స్టేషను కథ తెలిశాక ఆ అపోహ పోయింది. డెవన్ కౌంటీలో, సరిగ్గా సముద్రుడి వాకిట్లో, 1846లో పెట్టేబేడా దించుకున్న రైల్వేవారు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. సామాను పెద్దగా లేదు, రెండు ప్లాట్‌ఫారాలు. నేను ఇంటి యజమాని పక్షమని ముందే చెప్పేస్తున్నాను.

దిగిన కొత్తలో వీరి ఆర్భాటం చూడాలి. ఇంజినీరు బ్రూనెల్ దొరకు అందరిలాగా ఆవిరి ఇంజను వాడటం నామోషీ అనిపించింది. పట్టాల నడుమ ఇనుప గొట్టం పరిపించి, దారి పొడవునా పంపుల ఇళ్లు కట్టించారు. గొట్టంలోని గాలిని పంపు లాగేస్తే, వెనకనున్న గాలి పిస్టనును నెడుతుంది, గొట్టం మీది చీలికలోంచి దానికి తగిలించిన రైలు పరుగెత్తుతుంది. నిజంగానే పరుగెత్తింది, పొగ లేకుండా. అయితే ఆ చీలికను మూసే తోలుపట్టీ ఎండిపోయింది, చిరిగింది, గాలి కారింది. దానికి పూసిన కొవ్వును ఎలుకలు తినేశాయని ఊరివారి కథ. చరిత్రకారులు నమ్మరు. నేను నమ్ముతాను, లెక్క తేలని నష్టాన్ని ఎలుకల ఖాతాలో రాయడం మనమూ ఎరిగిన విద్యే కదా! 1847 సెప్టెంబరులో ప్రయాణికులను ఎక్కించుకున్న గాలిబండి, ఏడాది నిండకుండానే ఆగిపోయింది. ఆవిరి ఇంజన్లే గతి అయ్యాయి.

1873లో చెక్కతో కట్టిన స్టేషను తగలబడింది. ఎదురుగా సముద్రమంత నీళ్లు పెట్టుకుని! యజమాని చేయీ కాలూ కదపకుండా చూస్తూ ఊరుకున్నాడంటే, ఆయనను తప్పు పట్టలేం. 1875కల్లా మళ్లీ కట్టుకున్నారు.

ఇక సేవలు. ఎక్స్‌మత్, పెయింటన్‌ల మధ్య తిరిగే బళ్లు ఇక్కడ ఆగుతాయి. లండన్ వెళ్లే కొన్ని రైళ్లు కూడా ఆగుతాయి. తుపాను రోజుల్లో సముద్రస్నానం ఉచితం. ఈ సేవ టైంటేబులులో ఉండదు. కొన్ని దూరప్రాంతపు డీజిలు రైళ్లకు బ్రేకుల విద్యుత్ పరికరాలు నడినెత్తిన ఉంటాయి. అల వచ్చి వాటిని తడిపితే బండి మూర్ఛపోతుంది. సముద్రం ఒడ్డున నడపవలసిన బండికి ఉప్పునీళ్లంటే పడదన్నమాట! వంటవాడికి పొగ పడనట్టు.

ఖాళీ చేసే మాట అసలు రాలేదనకండి. ఊరికి లోపలి వైపున వేరే లైను వేసుకుంటామని 1930లలో పార్లమెంటు అనుమతి కూడా తెచ్చుకున్నారు. ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. యుద్ధం 1945లో ముగిసింది గాని, సాకు ముగియలేదు.

యజమాని సహనం 2014 ఫిబ్రవరి 4 రాత్రి చచ్చిపోయింది. స్టేషనుకు కాస్త దూరంలో, పట్టాలకు అలలు తగలకుండా కట్టిన గోడను పడగొట్టి, దాని వెనక మట్టిని ఎత్తుకుపోయాడు. పట్టాలు గాలిలో బట్టల దండెంలా వేలాడాయి. ప్లిమత్‌కూ, ఆ పైన కార్న్‌వాల్‌కూ పోవడానికి ఉన్న మెయిన్ లైను ఇదొక్కటే. ఇంత కచ్చితమైన నోటీసు ఏ వకీలూ రాయలేడు. రైల్వేవారు ఏం చేశారు? రాళ్లు నింపిన కంటైనర్లను అడ్డుపెట్టి, రెండు నెలలు రాత్రింబవళ్లు పనిచేసి, ఏప్రిల్ 4న మళ్లీ బళ్లు నడిపారు.

అంతటితో ఊరుకోక సుమారు 8 కోట్ల పౌండ్లతో మరింత ఎత్తయిన గోడ కట్టారు. అందులో స్టేషను ముందరి గోడ 2023లో పూర్తయింది. గోడ పైఅంచు సముద్రం వైపు వంగి ఉంటుంది, వచ్చిన అల వచ్చిన దారినే పోవాలని. ఇల్లుగలాయన నీళ్లు ఇల్లుగలాయన ముఖానే కొట్టడానికి ఇంత ఖర్చు పెట్టిన అద్దెదారును నేనింకెక్కడా చూడలేదు. ఊరి వాగులో నల్లహంసలున్నాయి, అవీ ఎక్కడినుంచో వచ్చి చేరినవే. ఏ గోడా అడగలేదు పాపం.

సముద్రుడు మాత్రం కోర్టుకెక్కలేదు. పోటు వేళకు రోజూ రెండుసార్లు వచ్చి గోడ తట్టి, సమాధానం రాకపోతే వెనక్కి వెళ్తున్నాడు. 1846 నుంచి అద్దె బాకీ లెక్క ఆయన దగ్గరే ఉంది.