పుట్టినవాడి పేరేదీ?

డిసెంబర్ వచ్చిందంటే చాలు, టీవీ పెట్టాలంటేనే విసుగు. క్రిస్మస్ అంటే ఏమిటట? ఎర్ర టోపీ, ప్లమ్ కేకు, మాల్‌లో ప్లాస్టిక్ చెట్టు, దాని పక్కన సెల్ఫీ. మధ్యలో ఫ్రిజ్‌ల మీద డిస్కౌంటు. పుట్టినవాడి పేరేదీ?

పండుగకు ముందే జరిపే సెమీ క్రిస్మస్ వార్తలైతే మరీ ఘోరం. నాయకుడు కేకు కోశాడు, పక్క నాయకుడి నోట్లో ముక్క పెట్టాడు, అయిపోయింది. పాస్టరు గారు ఏం చెప్పారో ఒక్క మాట వినిపించరు. ఎందుకు?

మెదక్ చర్చినే తీసుకోండి. ఏటా అదే డ్రోన్ షాట్, అదే ‘భక్తుల కిటకిట’. 1914లో మొదలై 1924లో పూర్తయిన గుడి అది. కరువు రోజుల్లో ఆకలితో అల్లాడుతున్న చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు ఆ కట్టడం పనులే పని చూపించాయి, తిండి పెట్టాయి. ఈ సంగతి చెప్పడానికి రెండు నిమిషాలు దొరకవా? కేకు తయారీకి అరగంట దొరుకుతుందే!

లూకా సువార్త ఒక్కసారి తెరిచి చూడండి. సత్రంలో చోటు దొరకని జంట, పశువుల తొట్టిలో బిడ్డ, మొదటి కబురు గొర్రెల కాపరులకు. ఇందులో అమ్ముకోవడానికి ఏముంది? ఏమీ లేదు. అందుకే చూపించరు.

మా పల్లెల్లో చలిలో రాత్రంతా ఇంటింటికీ తిరిగి పాటలు పాడే పిల్లలున్నారు. ఇంటి ముందు కాగితపు నక్షత్రం కట్టి, అప్పు చేసైనా పిల్లలకు కొత్త బట్టలు కుట్టించి ఆరాధనకు తీసుకొచ్చే అమ్మలున్నారు. ఒక్క కెమెరా అయినా అటు తిప్పండయ్యా! మీ ప్రకటనల్లో సరుకు కొనలేరనేగా వాళ్లు మీకు కనబడనిది?